గోడమీది వైద్యం, గదిలోని వైద్యం

చోడవరం నుంచి అనకాపల్లి వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే గోడలు చదువుకోవచ్చు. సిమెంటు, ఎరువులు, సినిమా, వాటి నడుమ 'నరాల బలహీనత, దాంపత్య సుఖలోపం, ఫలానా లాడ్జిలో ప్రతినెలా ఫలానా తేదీన'. ఇటువంటి ప్రకటనల్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఏనాడో నిషేధించింది. ఆ సంగతి గోడలకి ఎవరూ చెప్పినట్టు లేదు.

మనం నవ్వుకుంటాం గాని, ఆ లాడ్జి మెట్లెక్కేవాడు నవ్వుతూ ఎక్కడు. వీర్యం పోతే ఒంట్లో సత్తువంతా పోతుందన్న భయం, దానివల్ల నీరసం, దిగులు, నిద్రపట్టకపోవడం. ఈ బాధకి 'ధాత్ సిండ్రోమ్' అని 1960లో పేరుపెట్టినవారు మన దేశపు మానసిక వైద్యుడే, డాక్టర్ ఎన్.ఎన్. విగ్. సత్తువ పోవడం నిజం కాదు, బాధ మాత్రం నిజం.

శరీరశాస్త్రం ప్రకారం చూస్తే అంగస్తంభన అనేది రక్తప్రసరణకు సంబంధించినది. నాడుల కొసలనుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై రక్తనాళాలు వదులైతే రక్తం వచ్చి నిండుతుంది. భయం వేసినప్పుడు పుట్టే అడ్రినలిన్ సరిగ్గా దీనికి విరుద్ధంగా పనిచేస్తుంది. 'ఈ రాత్రీ ఇంతేనేమో' అనుకున్నవాడికి అందుకే అంతే అవుతుంది. మరికొందరికి చక్కెర వ్యాధి, తాగుడు, రక్తపోటు మందులు కారణం కావచ్చు. ఏది కారణమో ముందు తేల్చాలి. మట్టి పరీక్ష లేకుండా యూరియా జల్లితే ఏమవుతుందో మా నాన్నగారిని అడిగితే చెబుతారు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. భయంవల్ల యోని కండరాలు తమంతట తామే బిగుసుకుపోయే వజైనిస్మస్ అనే స్థితి ఉంది. ఓపికగా చికిత్స చేస్తే చాలామందికి నయమవుతుంది. మనవాళ్ళు మాత్రం 'పిల్ల మొండిది' అని పుట్టింటికి పంపేస్తారు. హిందూ వివాహ చట్టంలోని 12వ సెక్షను ప్రకారం నపుంసకత్వంవల్ల కాపురమే జరగని పెళ్ళిని కోర్టు రద్దు చేయవచ్చు. చికిత్సకి లొంగే జబ్బుకోసం కోర్టుకెక్కిన జంటలు ఎన్నో!

అమెరికాలో మాస్టర్స్, జాన్సన్ అనే ఇద్దరు 1970లో తమ చికిత్సా విధానాన్ని పుస్తకంగా ప్రకటించారు. వారి లెక్కలో రోగి భర్తా కాదు, భార్యా కాదు, ఆ ఇద్దరి సంబంధం. అందుచేత ఇద్దరినీ కూర్చోబెట్టి, చికిత్స చేసేవారు కూడా ఒక స్త్రీ, ఒక పురుషుడు ఉండేవారు. మొదటి షరతు వింతగా ఉంటుంది: కొన్నాళ్ళు సంభోగం వద్దు. ఊరికే ఒకరినొకరు తాకడం, ఎలా ఉందో చెప్పుకోవడం. నెగ్గి తీరాలన్న ఒత్తిడి లేకపోతే భయం తగ్గుతుంది, మిగతాది శరీరం చూసుకుంటుంది. 1974లో హెలెన్ సింగర్ కాప్లన్ దీనికి మనోవిశ్లేషణను కూడా జోడించారు.

మన తెలుగునాట విజయవాడ వైద్యులు డాక్టర్ సమరం పత్రికల్లో పాఠకుల ఉత్తరాలకి జవాబులు రాసి ఎంతో అజ్ఞానాన్ని పోగొట్టారు. అయితే ఉత్తరం రాసేది ఒక్కరు. రెండో మనిషి మాట వినాలంటే గది కావాలి, వినడం నేర్చిన మనిషి కావాలి.

ఆ నేర్పు పుస్తకం చదివితే రాదు. బ్రిటన్‌లో ఈ చికిత్సకే ప్రత్యేక కోర్సులున్నాయి. అనుభవజ్ఞుల పర్యవేక్షణలో నిజమైన జంటలతో పనిచేయాలి, తన సిగ్గూ తన అభిప్రాయాలూ పక్కన పెట్టడం అలవరచుకోవాలి. మనకి ఎం.బి.బి.ఎస్. తర్వాత మూడేళ్ళు చదివిన సైకియాట్రిస్టులున్నారు, రెండేళ్ళ ఎం.ఫిల్. చేసి రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదైన క్లినికల్ సైకాలజిస్టులున్నారు. కాని దాంపత్య చికిత్స వారి చదువులో ఒక భాగం మాత్రమే. 1984 చట్టంతో వచ్చిన ఫ్యామిలీ కోర్టుల్లో కౌన్సిలర్లుంటారు, నిజమే. కాని అక్కడికి వెళ్ళేసరికి విడాకుల కాగితం దాఖలై ఉంటుంది. ఇద్దరినీ కలిపి 'మీకేం కష్టం?' అని అడిగే మొదటి మనిషి అక్కడ కనిపించడం ఎంత ఆలస్యం!

చోడవరంవాళ్ళకి విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 'పిచ్చాసుపత్రి' అన్న పేరు తలచుకుని జనం గడప తొక్కరు. అంతదూరం వెళ్ళలేనివారికి 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ ఉంది. నంబరు 14416, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు, పేరు చెప్పమని ఒత్తిడి ఉండదు. ఈ నంబరు మాత్రం నాకు ఇంతవరకు ఏ గోడమీదా కనిపించలేదు.