ఆకులెందుకు నీలమయ్యాయి?

మన కోరమాండల్ తీరం నుంచి ఓడలెక్కి వెళ్లిన 18వ శతాబ్దపు కలంకారీలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. ఆనాటి గుడ్డల్లో చాలావాటికి పూల ఎరుపు నేటికీ చెక్కుచెదరలేదు. ఆకులు మాత్రం నీలంగా కనిపిస్తాయి. నీలిమందు మీద పసుపు రంగు పూసి ఆకుపచ్చ తెప్పించేవారు. ఏళ్ల తరబడి వెలుగు తగిలి పసుపు ఎగిరిపోయింది, అడుగున ఉన్న నీలం బయటపడింది.

సోఫా వెనక శ్రీకాళహస్తి కలంకారీ తగిలించుకున్న మన హాల్లోనూ జరిగేది ఇదే. బాగా కనిపిస్తుందని కిటికీకి ఎదురుగోడ మీదే మేకు కొడతాం. పట్టిన దుమ్ము దులపొచ్చు కానీ, ఎండకు పోయిన రంగును ఏ లాండ్రీ తిరిగి తేలేదు. మ్యూజియాల్లో ఇలాంటి వస్త్రాలకు సుమారు 50 లక్స్‌కు మించి వెలుతురు పెట్టరు. పగటిపూట మన కిటికీ పక్కన అది వందలు, వేలల్లో ఉంటుంది. ఇంటిని చీకటి చేసుకోనక్కర్లేదు, నీడగోడ చూసుకుంటే చాలు. రెండు బొమ్మలుంటే పండగ పండక్కీ మార్చుకోండి.

వెలుగు తర్వాత భయపడాల్సింది తేమకే. కరక్కాయ, గేదెపాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద కసిమితో గీత గీస్తారు. పాత ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వారాల తరబడి పులిస్తే వచ్చేదే కసిమి. కరక్కాయ తగలగానే నల్లబడుతుంది. బొమ్మకు ప్రాణం ఆ నల్లగీతే, దాని బలహీనతా అక్కడే ఉంది. అందులోని ఇనుము కాలం గడిచేకొద్దీ నూలును తినేస్తుంది. పాత కలంకారీల్లో చాలాచోట్ల గీత వెంబడే గుడ్డ పెళుసెక్కి చిరుగుతుంది. చెమ్మ తోడైతే అది మరీ తొందర. వానాకాలంలో చెమర్చే బయటి గోడకు దీన్ని ఆనించకండి. ఫ్రేము కట్టిస్తే అద్దం గుడ్డకు తగలకుండా మధ్యలో సందు ఉంచమనండి.

మూలలకు మేకులు కొడితే బరువంతా ఆ రెండు చోట్లే పడుతుంది. పైఅంచు వెనక నూలు పట్టీని గొట్టంలా కుట్టి కర్ర దూర్చితే చాలు. దుమ్ముకు దోమతెర ముక్క అడ్డుపెట్టి, వాక్యూమ్ క్లీనర్‌ను తక్కువ వేగంలో పైపైన తిప్పండి. (రోడ్డు పక్కన కలంకారీ పేరుతో అమ్మే స్క్రీన్‌ప్రింటుకు ఈ శ్రమంతా దండగ!)

ఇదంతా నూలు కలంకారీ మాట. పట్టు చీర సంగతి వేరు. అది పురుగు నేసిన ప్రొటీను. బట్టల సోడా, ఘాటు సబ్బుపొడులు దాని మెరుపు చంపేస్తాయి, బ్లీచింగ్ ద్రావకం పోగునే కరిగించేస్తుంది. ఉతకక తప్పని సాదా పట్టుకు పలచటి కుంకుడు రసం, చన్నీళ్లు మేలు. పోచంపల్లి పట్టులో నేయకముందే పోగుకు చిటికి (ముడులు) కట్టి రంగు అద్దుతారు. అయినా ముదురు ఎరుపు పక్కన తెలుపు ఉందంటే, తడిపిన తెల్లగుడ్డను ఒక మూల అద్ది చూడాల్సిందే. రంగు అంటిందా, డ్రైక్లీనింగ్‌కు ఇచ్చేయండి.

పెళ్లి నుంచి రాగానే చీరను చెమటతోనే బీరువాలో పెట్టేయకండి. నీడలో గాలికి ఆరనివ్వండి. షాపువాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరు పారేసి, ఉతికిన పాత తెల్లపంచెలో చుట్టండి. జరీ మడతపడిన చోటే పట్టు తెగుతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి మడత మార్చాలి. గంజి పెట్టి దాచితే సిల్వర్‌ఫిష్ పురుగులకు విందే. ఇక కలరా ఉండలంటారా, చీర మడతల్లో వేస్తే మరకలు పడొచ్చు. పసిపిల్లలున్న ఇంట్లో అయితే వాటిని అసలు కొననే వద్దు.