ఒకే వాల్వు, రెండు జీతాలు
ప్లాంట్ ఆపరేటర్ జీతమెంత అంటే ముందు ఊరు అడుగుతాం. గల్ఫ్‌లో ఎక్కువ, ఇక్కడ తక్కువ అని తేల్చేస్తాం. నిజానికి ఊరి కన్నా పేరోల్ ముఖ్యం. విశాఖనే తీసుకోండి. 1957 నాటి రిఫైనరీలో పర్మినెంట్ ఆపరేటర్‌కి మూలవేతనం మీద డీఏ, పీఎఫ్, వైద్యం అన్నీ ఉంటాయి. పరవాడ ఫార్మాసిటీ వైపు రాత్రి షిఫ్టులో రియాక్టర్ జాకెట్‌లోకి ఆవిరి వదిలి, వేడి హద్దు దాటకముందే చల్లటి బ్రైన్ తిప్పే కాంట్రాక్టు కుర్రాడి జీతం చాలాసార్లు కనీస వేతనం చుట్టూనే తిరుగుతుంది.

నైపుణ్యం తేడా అంటారు యాజమాన్యాలు. వేడెక్కే రియాక్టర్‌కి ఎవరు పర్మినెంటో తెలియదు కదా! ఒకే పనికి ఒకే వేతనమని 1971 నాటి కేంద్ర నిబంధనలే కాంట్రాక్టర్లకు షరతు పెట్టాయి. ఊరిని బట్టి బతుకు ఖర్చు మారుతుంది కాబట్టి జీతమూ మారుతుందనే వాదనలో కొంత నిజముంది. అయితే ఖతర్ 2021లో కనీస వేతనం 1,000 రియాళ్లని, వసతి ఇవ్వకపోతే 500, తిండికి 300 అదనమని ఆ ఖర్చును చట్టంలోనే విడిగా లెక్కగట్టింది.