పొలము గట్టున ఎండ్రకాయ

సాయంకాలము నిండుగా నీరు కట్టిన మడి తెల్లవారుసరికి వట్టిపోవుట రైతులెల్లరు ఎరిగినదే. ప్రక్క పొలమువాడు రాత్రి గట్టు తెంపినాడని అనుమానము, తగాదా, తుదకు గ్రామాధికారికి ఫిర్యాదు. కాని ముందుగా గట్టును పరీక్షించి చూడుడు. రెండు మూడు వ్రేళ్లు పట్టునంత బొరియ, దాని నోటివద్ద ఉండలుగా బురదమట్టి కనబడినచో, దొంగ మనిషి కాదు, ఎండ్రకాయ.

1905లో మంజీరపై కట్టిన ఘనపురం ఆనకట్ట నుండి మహబూబ్ నహర్, ఫతే నహర్ కాలువల ద్వారా మెదక్ ప్రాంతపు పొలములకు నీరు పారును. గట్టు కారినచో ఆ మడి రైతు నీటితోపాటు చల్లిన యూరియాను కూడ పోగొట్టుకొనును. కాలువ చివరి రైతుకు నీరు తగ్గును.

దక్షిణ భారతపు వరిపొలములలో సాధారణముగా నుండు జాతికి ఓజియోటెల్ఫ్యూసా సెనెక్స్ అని శాస్త్రనామము. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రజ్ఞులు దీనిని విశేషముగా పరిశోధించిరి. దీనికి ఐదు జతల కాళ్లు కలవు. మొదటి జత పట్టుకారువలె పనిచేయును. మొప్పలు తడిగా నున్నంతసేపు గట్టుపైన కూడ శ్వాసించగలదు. అందుకే తేమ తగులువరకు బొరియ త్రవ్వును; ఎండకాలమును అందులోనే గడుపును. పగలు దాగి, రాత్రి వెలువడి లేతనారును, నత్తలను, చచ్చిన పురుగులను తినును.

పైపెంకు సాగదు. కావున పెరిగినప్పుడెల్ల దానిని విడిచి, క్రొత్తది గట్టిపడువరకు దాగియుండును. సముద్రపు నక్షత్రచేప తెగిన చేయిని తిరిగి మొలిపించుకొనునట్లే ఇదియు పోయిన కాలిని పెంకు విడుచునప్పుడు మరల పొందును. కాళ్లు విరిచి గట్టుమీద పారవేసినంతమాత్రమున దాని పీడ వదలదు.

సముద్రపు ఎండ్రకాయలు లక్షలలో గ్రుడ్లు పెట్టును. పొలపు ఎండ్రకాయ గ్రుడ్లు తక్కువ. తల్లి వాటిని పొట్టక్రింద మోసి, పిల్లలను కూడ కొన్నాళ్లు అచ్చటనే ఉంచుకొనును. వెడల్పైన పొట్టమడత గలది ఆడది. తొలకరిలో అట్టివాటిని పట్టివేసినచో సంతతి చాలవరకు తగ్గును.

నివారణ సులభము. రాత్రివేళ దీపముతో వెదకి చేతితో పట్టవలెను. బొరియ నోరు మాత్రమే మూసిన లాభములేదు. లోపలినుండి మరల త్రవ్వును. బొరియ తుదివరకు పారతో తెరచి, తడిబంకమట్టి నింపి గట్టిగా దిమ్మిస చేయవలెను. నాటుటకు ముందు గట్లు చెక్కి మట్టి మెత్తవలెను. బొరియలలో విషపు గుళికలు వేయరాదు. అవి చేపలను, కొంగలను, పశువులను చంపును. ఫోరేటు వాడకమును కేంద్ర ప్రభుత్వము 2020 డిసెంబరు 31 నుండి నిషేధించినది.

పట్టిన ఎండ్రకాయలను తినువారు బాగుగా ఉడికించవలెను. సగము ఉడికినవానివలన ఊపిరితిత్తులలో పరాన్నజీవి చేరవచ్చును.

గట్టు ఇరువురిది. ఇరుగుపొరుగు రైతులు ఒకే దినమున ఈ పని చేసినచో నీరు నిలుచును, తగాదాయు తీరును.