కాపురానికి కారులో... ఎడారి మీదుగా 3,600 కిలోమీటర్లు!

మాది చిలుకూరు అనగానే ఆస్ట్రేలియాలో ఏ తెలుగువాళ్లయినా అడిగే మొదటి ప్రశ్న ఒకటే... ‘వీసా బాలాజీ చిలుకూరా?’ అని. కాదండీ, మాది కోదాడ పక్కనున్న చిలుకూరు, సూర్యాపేట జిల్లా. మా ఆవిడది మిర్యాలగూడ. రెండు ఊళ్లకీ మధ్య మహా అయితే గంటన్నర ప్రయాణం. కానీ తనని కాపురానికి తీసుకురావడానికి మాకు ఎనిమిది రోజులు పట్టింది.

మాది పెద్దలు కుదిర్చిన పెళ్లి. ఫిబ్రవరిలో అయింది. అప్పటికి తను అడిలైడ్‌లో మాస్టర్స్ చివరి సెమిస్టర్‌లో ఉంది. నేను టౌన్స్‌విల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. అది క్వీన్స్‌లాండ్‌లో, ఈశాన్య తీరంలో ఉంటుంది. పెళ్లయిన పన్నెండో రోజు ఇద్దరం ఒకే విమానంలో బ్రిస్బేన్ దాకా వచ్చి, అక్కడ చెరో గేటుకి వెళ్లిపోయాం. తర్వాత ఐదు నెలల్లో కలిసింది మూడు సార్లు. మిగతా కాపురమంతా వీడియో కాల్‌లోనే. “తిన్నారా?” “తిన్నా, నువ్వు?” అంతకుమించి మాటలు దొరికేవి కావు. మీరు, ఏవండీ వద్దని ఎన్నిసార్లు చెప్పినా “అలవాటైతే అదే వస్తుంది లెండి” అనేది.

జులైలో చదువైపోయింది. టౌన్స్‌విల్‌లోనే ఉద్యోగం కూడా దొరికింది. ఇక వచ్చేయడమే అనుకుంటుంటే అమ్మ ఫోన్. “ఆషాఢంలో పిల్లని కాపురానికి తెస్తవారా?” అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదనే కదా ఆ పట్టింపు, మధ్యలో సముద్రమే ఉంది కదమ్మా అన్నా వినలేదు. సరే, శ్రావణం వచ్చాకే బయల్దేరాం. అంటే ఆగస్టు. ఇక్కడ అది చలికాలం. ఎడారి దాటడానికి అంతకంటే మంచి ముహూర్తం ఉండదు.

విమానంలో రావొచ్చుగా అంటారేమో. తన సెకండ్ హ్యాండ్ కారుని అక్కడ వదిలేయడం ఇష్టం లేదు. రోడ్డు మీదైనా న్యూ సౌత్ వేల్స్ మీదుగా దగ్గరి దారి ఉంది. కానీ మ్యాప్ తెరిచి, ఖండానికి నడుమ నిలువుగా వెళ్లే గీతను చూపించి, “ఇటు పోదామండీ” అంది. అది స్టువర్ట్ హైవే. కారు వెనక రైస్ కుక్కర్, మిక్సీ, రెండు సూట్‌కేసులు, పచ్చడి సీసాలు... మా సారె అదే. కుండీలో ప్రాణంగా పెంచుకున్న కరివేపాకు మొక్కని మాత్రం ఫ్రెండ్‌కి అప్పజెప్పింది. ఇక్కడ మొక్కల్ని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్లడానికి బయోసెక్యూరిటీ రూల్స్ ఉంటాయి.

మధ్యాహ్నం అడిలైడ్‌లో బయల్దేరి ఆ రాత్రికి పోర్ట్ అగస్టా చేరాం. మర్నాటి నుంచి మొదలైంది అసలు కథ. హైదరాబాద్ నుంచి కోదాడ వచ్చే లోపు ఎన్ని బంకులు, ఎన్ని టీ కొట్లు! సూర్యాపేటలో బస్సాగితే సగం జిల్లా అక్కడే కనిపిస్తుంది. ఇక్కడ గ్లెన్‌డాంబో దాటితే కూబర్ పెడీ దాకా 250 కిలోమీటర్లకు పైగా పెట్రోలే దొరకదు. హైదరాబాద్‌లో బయల్దేరి విజయవాడ పొలిమేర దాకా ఒక్క బంకు, ఒక్క ఊరు, ఒక్క చాయ్ కొట్టు లేకుండా ఊహించుకోండి. ఫోన్‌లో సిగ్నల్ ఉండదు. అందుకే మ్యాప్స్ ముందే డౌన్‌లోడ్ చేసుకున్నాం. ఇరవై లీటర్ల నీళ్లు, స్పేర్ పెట్రోల్ క్యాన్ పెట్టుకున్నాం. పొద్దుగుంకేలోపు బండి ఆపేయాలని ఒట్టు కూడా పెట్టుకున్నాం. కంగారూలు రోడ్డెక్కేది సందెవేళలోనే మరి.

దారిలో ఒకచోట తారు రోడ్డు మీదే విమానాల రన్‌వే గీతలు గీసి ఉన్నాయి. రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ వాళ్ల కోసమట. మారుమూల ఎవరికైనా ప్రాణం మీదకొస్తే డాక్టర్ విమానం హైవే మీదే దిగుతుంది. 1928లో ఈ సర్వీసు మొదటి విమానం ఎగిరింది క్లాంకరీ అనే చిన్న ఊరి నుంచి. అదీ మా దారిలోదే. ఆ గీతలు చూశాక మా ఇద్దరికీ ధైర్యం వచ్చిందో, భయం పెరిగిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

కూబర్ పెడీలో రాత్రి భూమి కింద పడుకున్నాం. 1915లో ఓ పద్నాలుగేళ్ల కుర్రాడికి ఓపల్ రాయి దొరకడంతో పుట్టిన ఊరది. ఎండ తట్టుకోలేక జనం కొండల్ని తొలిచి ఇళ్లు కట్టుకున్నారు. చర్చిలు కూడా నేల కిందే ఉన్నాయి. ఫ్యాన్ చప్పుడు లేదు, కిటికీ లేదు. లైటు తీస్తే కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి. ఆ చీకట్లో తను మొదటిసారి వాళ్ల నాన్న గురించి చెప్పింది... మిర్యాలగూడ రైస్ మిల్లులో గుమస్తాగా చేస్తూ తన చదువుకి చేసిన అప్పు, నెలనెలా తను తీరుస్తున్న ఈఎంఐ. వీడియో కాల్‌లో ఐదు నెలలుగా రాని మాటలు అవి.

మూడో రోజు ఆలిస్ స్ప్రింగ్స్‌కి 690 కిలోమీటర్లు. పొద్దుట్నుంచి తనే డ్రైవింగ్. ఇక్కడ రోడ్ ట్రెయిన్లని ఉంటాయి... ఒకే లారీకి మూడు ట్రైలర్లు, పొడవు 53.5 మీటర్ల దాకా. నార్తర్న్ టెరిటరీలోకి అడుగుపెట్టాక స్పీడ్ లిమిట్ 130. ఎదురుగా వచ్చిన ఒక రోడ్ ట్రెయిన్ మమ్మల్ని దాటుతుండగా టపీమని తుపాకీ పేలినట్టు శబ్దం. చూస్తే విండ్‌షీల్డ్ మీద సాలెగూడు! రాయి తగిలింది. నేను సీటు పట్టుకుని అరిచేశా. తను మాత్రం బ్రేక్ తొక్కలేదు, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పలేదు. మెల్లగా వేగం తగ్గించి, పక్కన ఎర్రమట్టిలోకి దింపి ఆపింది. “నువ్వు కంగారుపడకు. ఏం కాలేదు” అంది.

అద్దం బయటి పొర మాత్రమే పగిలింది. టేపు అంటించుకుని ఎనభై మీద ఎర్ల్‌డండా దాకా పాకాం. అక్కడి నుంచి ఎడమకి తిరిగితే ఉలూరు, ఆ పెద్ద ఎర్రకొండ. మా ప్లాన్‌లో ఉంది. కానీ రానూపోనూ దాదాపు 500 కిలోమీటర్లు, ఆ అద్దంతో కుదిరే పని కాదు. అక్కడ కాఫీ తాగుతుంటే గుర్తొచ్చింది, తను నన్ను ‘నువ్వు’ అందని. నేనేం అనలేదు. అంటే మళ్లీ ‘మీరు’లోకి పోతుందని భయం.

అద్దం మార్పించడానికి ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఒక రోజంతా ఉండాల్సొచ్చింది. అదీ మంచికే. ఊరి శివార్లలో పాత టెలిగ్రాఫ్ స్టేషన్ చూశాం. 1872లో పోర్ట్ అగస్టా నుంచి డార్విన్ దాకా, దాదాపు 3,200 కిలోమీటర్లు, 36 వేల స్తంభాలతో తీగ లాగారు. డార్విన్ నుంచి సముద్రం కింద కేబుల్ జావాకి, అక్కడి నుంచి ఇండియా మీదుగా లండన్‌కి. అంతకుముందు ఓడలో నెలలు పట్టే కబురు గంటల్లో చేరిపోయేది. కోడ్ రాసుకుని బతికేవాడిగా చెబుతున్నా, నాకు ఉలూరు చూడలేదన్న బెంగ అక్కడే పోయింది. తనకి మాత్రం పోలేదు! ఆ పని నడిపించిన చార్లెస్ టాడ్ భార్య పేరే ఆలిస్. “చూశావా, ఆయన భార్య పేరు ఊరికే వచ్చింది” అంది. రాత్రి చలి ఎంతంటే కారు అద్దాల మీద మంచు గడ్డకట్టింది.

ఆలిస్ దాటాక ముప్ఫై కిలోమీటర్లకి మకర రేఖ బోర్డు వస్తుంది. అక్కడి నుంచి ఉష్ణమండలం అంటారు గానీ, చాలాసేపు అదే ఎర్రమట్టి, అవే పొదలు. టెనెంట్ క్రీక్ దాటి కుడికి తిరిగాక బార్క్లీ గడ్డి మైదానాలు. చెట్టు లేదు, గట్టు లేదు, కనుచూపు మేరా గడ్డి. నేల చూస్తే పగుళ్లిచ్చిన నల్లరేగడి! “అచ్చం మన పత్తి చేలే” అని తను దిగి మట్టి చేతిలోకి తీసుకుంది. క్వీన్స్‌లాండ్ సరిహద్దులో గడియారం అరగంట ముందుకి జరిగింది. ఇండియాతో తేడా నాలుగు గంటల నుంచి నాలుగున్నర. ఫోన్ ఎప్పుడు చేయాలో అమ్మకి మళ్లీ లెక్క చెప్పాల్సొచ్చింది.

మౌంట్ ఐసాలో 270 మీటర్ల పొగ గొట్టాన్ని ఊరికి చాలా ముందు నుంచే చూసుకుంటూ వెళ్లాం. హ్యూయెండెన్‌లో చివరి రాత్రి. ఆ రెండు రోజుల గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, కారులో పాత పాటలు పెట్టుకుని గొడవ పడటం తప్ప. ఎవరి పాట వేయాలన్నదే గొడవ. ఐదు నెలల కాపురంలో మా మొదటి గొడవ అది.

చార్టర్స్ టవర్స్ దాటి కొండ దిగుతుంటే గాలి మారింది. వారం రోజులుగా పగిలిన పెదాలకి తేమ తగిలింది. కోదాడ భూమధ్యరేఖకి పైన 17 డిగ్రీల దగ్గరుంటే, టౌన్స్‌విల్ కింద 19 డిగ్రీల దగ్గరుంది. అందుకే కాబోలు ఇళ్ల ముందు మామిడి చెట్లు, దేవగన్నేరులు, అక్కడక్కడా చింతచెట్టు కూడా. సాయంత్రం నాలుగింటికి ఇంటి ముందు కారాపేసరికి మీటర్ 3,600 దాటింది.

అమ్మకి వీడియో కాల్ కలిపి, చెప్పినట్టే తనని కుడికాలు పెట్టి లోపలికి రమ్మన్నా. అమ్మ చూపు మాత్రం వెనకున్న చెట్టు మీదే ఉంది. “శ్రావణంలో మామిడి పూతేంటే?” అని కోడల్ని అడిగింది. ఇక్కడ కాలాలు తిరగబడతాయి, పండుగలొచ్చేసరికి కాయలు ఉంటాయత్తయ్యా అని తను చెప్పింది. ఇంకా చెప్పులు విప్పనేలేదు, అమ్మ ఆవకాయ కొలతలు మొదలుపెట్టేసింది.