అన్నీ వచ్చు అంటే పని రాదు!

పన్నెండేళ్ళు బెంగుళూరులో ప్రోగ్రామరుగా చేసిన అమ్మాయి అనంతపురం తిరిగొచ్చేసిందనుకోండి. మామగారికి పక్షవాతమో, పిల్లల చదువో, కారణం ఏదైతేనేం! "ఇంట్లో కంప్యూటరుంది, ఇంటర్నెట్టుంది, ఫ్రీలాన్సు పని చేసుకోరాదూ?" అని అందరూ తేలిగ్గా అనేస్తారు. కానీ ఆ పని ఇచ్చేదెవరు? ఫ్రీలాన్సు సైట్లలో పేరు నమోదు చేసుకుని "జావా వచ్చు, పైథాన్ వచ్చు, డేటాబేసులు వచ్చు" అని రాస్తే, అవే వచ్చినవాళ్ళు లోకమంతటా ఉన్నారాయె. ఇక మిగిలేది రేటు తగ్గించుకునే పోటీ. పైగా మామూలు ప్రోగ్రాములు ఇప్పుడు ఏఐ కూడా రాసిపెడుతోంది.

ఇన్నేళ్ళ అనుభవం అని చెబితే ఎవరూ కొనరు. ఫలానా ఇబ్బంది నేను తీరుస్తాను అంటే కొంటారు. ఆ ఇబ్బంది ఎంత ఇరుకైనదైతే అంత మంచిది.

ఇంట్లో కూర్చునే ప్రోగ్రాములు రాసి అమ్మవచ్చని చూపించిన ఒకావిడ గురించి చెప్పాలి. స్టెఫనీ షర్లీ 1933లో జర్మనీలో పుట్టారు. హిట్లర్ కాలంలో ఐదేళ్ళ పసితనంలో తల్లిదండ్రులను వదిలి శరణార్థిగా ఇంగ్లండు చేరారు. 1962లో ఆరు పౌండ్ల పెట్టుబడితో ఇంట్లోనే 'ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్' అనే సంస్థ పెట్టారు. అప్పట్లో కంప్యూటరు కొన్నవాళ్ళకి ప్రోగ్రాములు ఊరికే ఇచ్చేవారు. వాటిని విడిగా, అందులోనూ ఒక ఆడది అమ్ముతానంటే నవ్వారు. రాసిన ఉత్తరాలకి జవాబుల్లేవు. భర్త సలహాతో 'స్టెఫనీ' బదులు 'స్టీవ్' అని సంతకం పెట్టడం మొదలుపెట్టాక గానీ తలుపులు తెరుచుకోలేదు! ఫోనులో పసివాడి అల్లరి వినిపించకుండా టైపు మిషను చప్పుడు రికార్డు చేసి పక్కన పెట్టేవారట. పెళ్ళిళ్ళూ కాన్పులూ అయ్యి ఉద్యోగం మానేసిన ప్రోగ్రామర్లే ఆవిడ బలగం. మొదటి 300 మందిలో 297 మంది ఆడవాళ్ళే. కాంకార్డ్ విమానం బ్లాక్ బాక్సుకి ప్రోగ్రాము రాసింది కూడా ఈ ఇళ్ళల్లోని ఆడవాళ్ళే. తమాషా ఏమిటంటే, ఉద్యోగాల్లో ఆడ మగ తేడా చూపకూడదని బ్రిటన్‌లో 1975లో చట్టం వచ్చాక, ఆవిడ మగవాళ్ళనీ తీసుకోక తప్పలేదు. షర్లీ 2025 ఆగస్టులో కన్నుమూశారు.

అదంతా ఇంగ్లండులో, మన కరువు సీమలో ఏముందీ అంటారా? ఉంది. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ళ తరబడి అను ఫాంట్లలో కొట్టిన పుస్తకాలున్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళమే. వాటిని యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులూ గుణింతాలూ చెల్లాచెదురవుతాయి. దాన్ని సరిచేయడానికి ప్రోగ్రామింగూ రావాలి, తెలుగూ రావాలి. ఇక ధర్మవరం చూడండి. అక్కడ పట్టుచీరల డిజైన్లు జాకార్డు మగ్గానికి చిల్లుల అట్టలుగా ఎక్కుతాయి. తొలినాటి కంప్యూటర్ల చిల్లుల కార్డులకి ఆ అట్టలే అమ్మమ్మలు! మగ్గం భాషా, కంప్యూటరు భాషా రెండూ తెలిసినవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి?

పాత విద్య కదా అని చిన్నబుచ్చుకోకండి. 2000 సంవత్సరం తేదీల గండానికి ముందు అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకున్నవాళ్ళెందరో. అది 1959లో మొదలైన భాష. 2020 ఏప్రిల్‌లో కరోనా గొడవలో అమెరికాలోని న్యూజెర్సీ గవర్నరు, కోబాల్ తెలిసినవాళ్ళు సాయానికి రండని బహిరంగంగా అడిగారు. నిరుద్యోగ భృతి లెక్కలు అప్పటికి ఆ పాత ప్రోగ్రాములమీదే నడుస్తున్నాయి మరి!

మీ ఇరుకు పని ఏదో తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. ఆఫీసులో ఏ చిక్కొస్తే జనం మీ సీటు దగ్గరికి వచ్చేవారో గుర్తు చేసుకోండి. ఇన్సూరెన్సు క్లెయిము లెక్క తప్పినప్పుడా? రాత్రి నడవాల్సిన ప్రోగ్రాము మధ్యలో ఆగినప్పుడా? అదే మీ సరుకు. ఒక్క వాక్యంలో రాసి, ముందు పాత సహోద్యోగులకి, పాత మేనేజర్లకి పంపండి. ముక్కూ మొహం తెలియనివాళ్ళకంటే వాళ్ళే ముందు పని ఇస్తారు. పాత కంపెనీ కోడు మాత్రం ముట్టుకోవద్దు. అది వాళ్ళ సొత్తు.

ఒకే పని, ఒకే క్లయింటు అనుకుంటే మాత్రం ప్రమాదం. ఇది మన జిల్లావాళ్ళకి వేరే చెప్పాలా? ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని నేలలో, జిల్లా అంతా వేరుశనగనే నమ్ముకుంటే ఏమైందో చూశాంగా. చేనులో కంది సాళ్ళు వేసినట్టు పక్కన ఇంకో చిన్న క్లయింటుని పెట్టుకోవాలి.

డబ్బు మాట ముందే తేల్చుకోండి. ఏం చేసిస్తారు, ఎన్నాళ్ళలో ఇస్తారు, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, అన్నీ కాగితం మీద పెట్టండి. మూడోవంతు అడ్వాన్సు చేతికొచ్చాకే కంప్యూటరు ముందు కూర్చోండి. "మనవాళ్ళే కదా, వెబ్‌సైటు చేసిపెట్టమ్మా" అనే బంధువులకి కూడా ఇదే పద్ధతి. నాలుగు రోజులు మూతి ముడుచుకుంటారు, అంతే.