మూసీ మీద మంచు తెర
ఫోటోలో అందం, ఒడ్డున దుర్గంధం

నాగోలు (మా విలేఖరి): తెల్లవారుజామున ఐదున్నర గంటలు. ఉప్పల్ నుంచి ఎల్.బి.నగర్ పోయే రోడ్డు మీద లారీల రొద తప్ప మనిషి అలికిడి లేదు. నాగోలు వంతెన రెయిలింగు పక్కన మాత్రం ఒక యువకుడు మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి, చెవులకు మఫ్లరు చుట్టుకుని నిలబడి ఉన్నాడు. చేపలకు వచ్చాడా అంటే చేతిలో గాలం లేదు. మూసీ మీద లేచే పొగమంచును ఫోటో తీయడానికట!

మూసీకి ఫోటో ఏమిటని నవ్వకండి. చలికాలంలో, ఆకాశం నిర్మలంగా ఉండి గాలి కదలని రోజున ఒక్కసారి ఆ పొద్దు చూడండి. నది నిండా తెల్లటి పొగ పాకుతూ ఉంటుంది. గుర్రపుడెక్క ఆకులు మునిగిపోయి, కొంగల మెడలు మాత్రమే పైకి కనిపిస్తాయి. తూర్పున సూర్యుడు ఎర్రబడేసరికి పొగ అంతా బంగారు రంగు దేలుతుంది. ఇదంతా గంటసేపే. ఎండ తగిలిందా, ఏమీ మిగలదు.

అయితే ఆ పొగ ఎక్కడిది? ఇక్కడే ఉంది అసలు సంగతి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య గారి సలహా మేరకు ఎగువన జలాశయాలు తలపెట్టారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద భయం తగ్గింది, మంచినీరు దక్కింది. కాని అనంతగిరి కొండల నీరు చాలావరకు అక్కడే ఆగిపోతుంది కనుక వానలు వెనుకబట్టాక నాగోలు దగ్గర పారేది ప్రధానంగా నగరం వాడి వదిలిన నీరే. స్నానాల గదుల నుంచి, వంటిళ్ళ నుంచి వచ్చే ఆ నీరు తెల్లవారుజాము గాలి కంటే వెచ్చగా ఉంటుంది. వెచ్చటి నీటి మీద చల్లటి గాలి చేరితే ఆవిరి పొగై లేస్తుంది. కాగుతున్న గిన్నె మూత తీసినట్లే. అంటే మనం చూసి మురిసిపోయే మంచులో మన ఇంటి మురుగు వాటా కూడా ఉందన్నమాట!

కుర్రవాడు ఆరితేరినవాడే. కెమెరా తెలుపును చూసి మోసపోతుందట. దాని లెక్కకే వదిలేస్తే మంచు బూడిద రంగుకు తిరుగుతుంది కనుక వెలుతురు ఒక మెట్టు ఎక్కువ పెట్టాలి. సెల్‌ఫోనుతో తీసేవారైతే తెర మీద మంచును వేలితో తాకి, వెలుతురు గీతను కొంచెం పైకి జరిపితే సరి. కటకం మీద చెమ్మ పడుతుంది, జేబులో పాత నూలుగుడ్డ ఉండాలి. అన్నిటికీ మించి లారీ వెళితే వంతెన అదురుతుంది. అదిరిందా, ఫోటో అలుక్కుపోతుంది. అందుకే రెండు లారీల నడుమ సందు కోసం కాచుకుని కూర్చోవాలి. ఈ ఓపిక మన బోటి వాళ్ళకు రాదు.

దిగువన ఉప్పల్ భగాయత్ వైపు మూసీ నీటితో పచ్చగడ్డి పెంచి, నగరంలోని పాడి గేదెలకు అమ్ముకుని బతికిన కుటుంబాలు అనేకం. ప్లాట్లు పడ్డాక గడ్డి మళ్ళు తగ్గాయి గాని, పని పూర్తిగా పోలేదు. ఆ తెల్లవారుజామునే గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని గట్టెక్కిన ఒక అవ్వ ఆగి కెమెరా వైపు చూసింది.

“గీ నీళ్ళను గూడ ఫోటో దీస్తవా బిడ్డా?”

“మంచు బాగుందవ్వా.”

“మంచు మంచిగనే ఉంటది. మరి వాసన గూడ వస్తదా అండ్ల?”

కుర్రవాడి నోట మాట లేదు. మాకూ లేదు. అవ్వ కాళ్ళు మోకాళ్ళ దాకా నల్లటి బురదలో నాని ఉన్నాయి. ఆ కాళ్ళ దురద గురించి అడగబోతే, “ఎన్నడు లేదు దురద?” అని మోపు సర్దుకుని సాగిపోయింది.

నాగోలులో మురుగు శుద్ధికి మొదట కట్టిన కేంద్రం సామర్థ్యం రోజుకు 17 కోట్ల 20 లక్షల లీటర్లు. ఎగువన అంబర్‌పేటలో అంతకు దాదాపు రెట్టింపుది, 33 కోట్ల 90 లక్షల లీటర్లది ఉంది. అయినా కత్వల దగ్గర నీరు దూకే చోట సబ్బు నురగ దూదికుప్పలుగా లేస్తూనే వచ్చింది. మంచులో అది కూడా అందంగానే కనిపిస్తుంది, అదే చిక్కు. ఫోటోలు తీసేవారు చాలామంది నురగను, ప్లాస్టిక్ సంచులను అంచుల్లో కత్తిరించి పారేస్తారు. ఈ కుర్రవాడూ నిన్నటిదాకా అంతేనట.

కత్తిరించవద్దని మా మనవి. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశారు, వరదను చూడలేదు. కాని ఇతరులు తీసిన ఫోటోలు ఉండబట్టే నాటి విధ్వంసం ఎంతటిదో నేటికీ మన కళ్ళకు కడుతోంది. నాగోలు మంచుతోపాటు నురగనూ ఉంచి, వెనుక తేదీ రాసిపెడితే, రేపు మూసీ బాగుపడిందని ఎవరన్నా అన్ననాడు పక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఏడున్నరకు మంచు విడిపోయింది. కుర్రవాడు స్టాండు మడవబోయి మళ్ళీ ఆగాడు. వంతెన దిగి, ముక్కుకు మఫ్లరు అడ్డం పెట్టుకుని, నీటి అంచు దాకా వెళ్ళి నురగను రెండు ఫోటోలు తీశాడు. అవ్వ మోపు అప్పటికే మోపెడ్ మీదికి ఎక్కి ఉప్పల్ దారి పట్టింది.