సూది కంటే భయమే పెద్దది

పోయిన వానాకాలంలో మన మూడో తరగతి తమ్ముడొకడు జ్వరమొచ్చినా సూదికి భయపడి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. దుప్పటి కప్పుకొని పడుకున్నాడు. రక్తం పరీక్ష చేస్తే మలేరియా అని తేలింది. ఆసుపత్రిలో వాడికి తోడుగా నేనున్నాను. అక్కడ చూసింది, సిస్టరమ్మను అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

మొదట ఒకరు "నొప్పే ఉండదురా" అని సూది వేశారు. నొప్పి పుట్టింది. ఇక వాడు ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. తర్వాత డ్యూటీకి వచ్చిన సిస్టరమ్మ పద్ధతే వేరు. వాడికి కోయ భాష తప్ప తెలుగు సరిగా రాదు. అందుకని నన్ను పిలిచి, "నిజమే చెప్పు బాబూ. చీమ కుట్టినట్టు ఉంటుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది అను" అన్నారు. మంచం మీద అదిమి పట్టకుండా నా ఒళ్లో కూర్చోబెట్టారు. "దీపం ఆర్పినట్టు ఊదమను" అన్నారు. వాడు ఊదుతుండగానే పని అయిపోయింది!

ఇది మంత్రం కాదు. భయపడితే కండరాలు బిగుసుకుంటాయి, ధ్యాసంతా సూది మీదే ఉంటుంది. నొప్పిని గుర్తించేది మెదడు. ధ్యాస మళ్లితే అదే సూది నొప్పి తక్కువగా తెలుస్తుంది.

ఇంకో సంగతి. ఏడవని పిల్లాడికి నొప్పి లేదనుకోకూడదు. కొత్త చోట మనవాళ్లు నోరు విప్పరు కదా! ఆ రాత్రి సిస్టరమ్మ చీటీ వెనక ఆరు ముఖాలు గీశారు. మొదటిది నవ్వు ముఖం, అంటే 0. చివరిది ఏడుపు ముఖం, అంటే 10. తమ్ముడు నాలుగో ముఖం మీద వేలు పెట్టి, తల పట్టుకున్నాడు. అప్పుడు గానీ వాడికి తలనొప్పి అని తెలియలేదు. వెంటనే మందు ఇచ్చారు. ఇలాంటి ముఖాల కొలతను 1983లో అమెరికాలోని తుల్సా నగరంలో డోనా వాంగ్ అనే నర్సు, కోనీ బేకర్ అనే ఆమె కలిసి మొదలుపెట్టారు. కాలిన గాయాలతో ఉన్న పిల్లల దగ్గర పనిచేస్తూ దాన్ని తయారు చేశారట.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! జ్వరం దాచకండి. మలేరియా ముదిరితే ప్రాణం మీదికొస్తుంది. వార్డెన్ సార్లకు ఒక మనవి. చిన్నపిల్లల్ని ఆసుపత్రికి పంపేటప్పుడు వాళ్ల భాష వచ్చిన పెద్ద విద్యార్థిని ఒకరిని తోడు పంపండి. మందు డాక్టరు ఇస్తారు, ధైర్యం మనం ఇద్దాం.

– పదో తరగతి విద్యార్థి